బరువు పెట్టి చూడని లిఫ్టు

పోయిన వారం మెట్ల మలుపు దగ్గర ఆగాం. ఆగింది నేనూ మీరూ కాదు, మా ఆయన. ఆస్పత్రిలో ఒకటో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య, గోడకి భుజం ఆనించి, అరచెయ్యి ఛాతీ మీద వేసుకుని నిలబడి ఉన్నాడు. మంచినీళ్ళ సీసా పట్టుకుని పైనుంచి దిగుతున్న నన్ను చూసి, ఆ చెయ్యి గబుక్కున జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా ఆయన లిఫ్టు మెకానిక్. కాలేయం పూర్తిగా చెడిపోయింది. చుక్క ముట్టని మనిషి. షుగరూ, ఒంట్లో పేరుకున్న కొవ్వూ కలిసి చేసిన నిర్వాకం అది. ఈ సంగతి చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది గానీ, పక్కింటావిడ ఇప్పటికీ "అన్నయ్యగారు ఇకనైనా మానేశారా?" అని జాలిగా అడుగుతూనే ఉంది. సోమవారం ఆపరేషన్. కాలేయం ఇచ్చేది మా అమ్మాయి. ఈత నేర్పే పిల్ల, చిన్నప్పుడు పుల్లలా ఉండేది కాబట్టి మాకు ఇప్పటికీ 'పిట్ట'. తన కాలేయంలో సగానికి పైగా కోసి తండ్రికి పెడతారు. పరీక్షలన్నీ అయ్యాయి, అందరూ సరే అన్నారు. గుండె డాక్టరమ్మ కూడా సరే అంది, కాకపోతే కాస్త ఆలోచించి అంది. ఇంతలో ఈ మెట్ల మలుపు.

"ఏమైందండీ?" అన్నాను.

"ఏం కాలేదే. లిఫ్టు మోటారు చప్పుడు వింటున్నా. బేరింగు అరిగినట్టుంది. వీళ్ళకి చెప్పాలి."

నేను వంగి కింది అంతస్తు వైపు చూశాను. లిఫ్టు తలుపులు బార్లా తీసి, అడ్డంగా పసుపు చెక్క పెట్టి ఉంది. బాగుచెయ్యడానికి వచ్చినవాళ్ళు ఇద్దరూ గోడవారన కూర్చుని టీ తాగుతున్నారు. పొద్దున్నుంచీ దానికి కరెంటే లేదు. అది లేకే కదా, ఎక్స్‌రేకి కిందికి వెళ్ళినవాడు మెట్లెక్కి వస్తున్నాడు! చక్రాల కుర్చీలో వెనకవైపు లిఫ్టులోంచి తీసుకెళ్తామంటే "నేనేమైనా సామానునా?" అని ఎగిరాడు కూడా.

"ఆగిపోయిన మోటారుకి చప్పుడేమిటండీ?"

ఆయన నా చేతిలోని సీసా తీసుకుని మూత తిప్పడం మొదలుపెట్టాడు.

నేను లెక్కల టీచర్ని. హోంవర్కు ఇంట్లో మర్చిపోయానని చెప్పే పిల్లలు నా ముందు అరనిమిషం నిలబడలేరు. అలాంటిదాన్ని, ఏడాదిగా నా ఇంట్లో నా కళ్ళ ముందు జరుగుతున్నది ఆ క్షణం దాకా చూడలేకపోయానంటే, నా టీచరీ ఏడ్చినట్టుంది.

మా ఇల్లు మొదటి అంతస్తులో. ఒక్క అంతస్తుకి మా బిల్డింగులో ముసలమ్మలు కూడా లిఫ్టు ఎక్కరు. మా ఆయన ఎక్కుతాడు. "తాడు ఎలా పలుకుతోందో వినాలి కదా" అంటాడు. ఎంత శ్రద్ధో అని బిల్డింగంతా మెచ్చుకునేది. మా తమ్ముడింట్లో లిఫ్టు పాడైన రోజున, మెట్లెక్కుతూ ఎక్కుతూ రెండో అంతస్తులో ఆగిపోయి, మూసి ఉన్న లిఫ్టు తలుపుని తట్టి చూస్తూ, చెవి ఆనించి వింటూ ఎంతసేపు ఉన్నాడో! మేమంతా చుట్టూ నిలబడ్డాం. "సెలవు రోజున కూడా వదలవేంటి బావా" అని మా తమ్ముడు ఆటపట్టించాడు. బావగారు నవ్వాడు. నుదుటి మీద చెమట ఉంది. ఎండాకాలం, అందరి నుదుటి మీదా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాను.

"ఏది?"

"నాతో తెలివి చూపించకండి. ఎన్నాళ్ళ నుంచి మెట్లెక్కలేకపోతున్నారు?"

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. ఒళ్ళంతా పసుపు తిరిగిన మనిషి, కాళ్ళకి నీరు పట్టి చెప్పుల పట్టీలు లోపలికి దిగబడ్డాయి. పక్కన కూర్చుంటే ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది.

"నొప్పి కాదే," అన్నాడు. "ఎవడో వచ్చి ఛాతీ మీద కూర్చున్నట్టు ఉంటుంది. నేను ఆగితే వాడే లేచి పోతాడు. నొప్పైతే చెప్పకపోదునా?"

"చాల్లెండి సంబడం. వాడు వచ్చి కూర్చుంటున్నాడనైనా చెప్పాలి కదా!"

"చెబితే ఏమవుతుందో నీకు తెలుసు." సీసా పక్కన పెట్టాడు. "ఎదురు మంచం పెద్దాయన గుర్తున్నాడా? గుండె బాగాలేదు, ఆపరేషన్ తట్టుకోలేవు అన్నారు. పెట్టె సర్దుకుని వెళ్తూ గుమ్మంలోంచి నాకు చెయ్యి ఊపాడు. నాకు కళ్ళు మూసినా ఆ చెయ్యే కనిపిస్తోంది. నేను ఇంటికెళ్ళి చచ్చిపోవడానికి రాలేదిక్కడికి."

ఆ మాట మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఎవరమూ పైకి అనలేదు.

"పరీక్ష పాసయ్యానుగా," అన్నాడు మళ్ళీ తనే. "గుండెని పరుగెత్తించే మందు ఎక్కించి, ఆ జిగురు పూసి, బొమ్మలు చూసి, ఏ లోపమూ కనపళ్ళేదన్నారుగా. డాక్టర్లే సరే అన్నాక నీ బోడి అనుమానమేంటి?"

అక్కడే నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆ పరీక్ష రోజు నేను పక్కనే ఉన్నాను. గుండె పరీక్ష గదివాళ్ళు, గుండెని నెమ్మది చేసే మాత్రొకటి ఉంది, అది పరీక్షకి ముందు ఆపాలి అన్నారు. కాలేయం వార్డువాళ్ళు, గొంతు కింద, అన్నం దిగే దారిలో ఉబ్బిన నరాలు పగలకుండా ఉండాలంటే ఆ మాత్ర ఒక్క పూట కూడా మానొద్దు అన్నారు. ఇద్దరూ వేర్వేరు రోజుల్లో చెప్పారు. నేను వార్డువాళ్ళ మాట పట్టుకుని, ఆ పొద్దున మాత్ర ఆయన అరచేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు కూడా అందించాను. మందు ఎంత ఎక్కించినా గుండె పరుగు అందుకోలేదు. డాక్టరమ్మ తెర వైపు చూస్తూ "లోపం కనపడలేదు, కానీ పెరగాల్సినంత వేగం పెరగలేదు" అని గొణుక్కుంది. గొణుక్కుని, మా వైపు తిరిగి, "ఆగకుండా ఎన్ని అంతస్తులు ఎక్కగలరు?" అని అడిగింది.

ఆయన నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "అయ్యో, ఆయన పనే అంతస్తుల మధ్య డాక్టర్ గారూ! పొద్దున లేస్తే పైకీ కిందికీ తిరగడమే!" అన్నాను, అదేదో పెద్ద గొప్పలా. ఆవిడ తలూపింది. పరుగెత్తని గుండె నా సిఫారసుతో పాసైంది.

"ఏమండీ," అన్నాను. "ఆ తొమ్మిదంతస్తుల బిల్డింగు గుర్తుందా మీకు?"

గుర్తులేకపోవడమేమిటి. మా ఇంట్లో ఎవరొచ్చినా ఆ కథ వినకుండా వెళ్ళరు. కొత్త బిల్డింగు, మర్నాడు ప్రారంభం, ఓనరు తొందరపడుతున్నాడు. లిఫ్టు ఖాళీగా పైకీ కిందికీ పట్టులా నడుస్తోంది. మా ఆయన సరే అనడు. ఇసుక బస్తాలు తెప్పించండి, నిండా బరువు పెట్టి ఆపి చూస్తే గానీ జనాన్ని ఎక్కనివ్వను అంటాడు. ఓనరు నానా మాటలూ అన్నాడు. ఈయన లిఫ్టు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. చివరికి బస్తాలొచ్చాయి. బరువు పెట్టి దింపితే బ్రేకు జారింది.

"ఖాళీగా తిరిగిందని ఏ లిఫ్టుకైనా మీరు సరే అన్నారా?" అని అడిగాను.

ఆయన లోపలికి దిగిన చెప్పు పట్టీని వేలితో లాగుకుంటున్నాడు.

"మీ గుండెని వాళ్ళు ఖాళీగా తిప్పి చూశారండీ. బరువు పెట్టనే లేదు. బస్తాలు నేనే అడ్డంపడి ఆపేశాను. మీరు నోరు మూసుకుని చూస్తూ కూర్చున్నారు. ఆ బిల్డింగులో ఎక్కేది ఎవరో ఊరివాళ్ళు, వాళ్ళ కోసం దెబ్బలాడారు. ఇందులో ఎక్కేది మన పిట్ట."

ఆ పేరు వినగానే ఆయన తల వంచుకున్నాడు. పైనుంచి ఎవరో దిగుతుంటే ఇద్దరం కాళ్ళు ముడుచుకుని దారిచ్చాం. వాళ్ళు వెళ్ళిపోయాక, నా భుజం పట్టుకుని లేచాడు. "నువ్వు చెప్పకు," అన్నాడు. నాకు మళ్ళీ కోపం ముంచుకొచ్చింది. "నువ్వు చెబితే కథలల్లి చెబుతావు. నేనే చెప్తాను పద."

ఆ మిగిలిన మెట్లు ఎక్కినంత నెమ్మదిగా మేమిద్దరం పెళ్ళైన కొత్తలో కూడా ఏ మెట్లూ ఎక్కలేదు.

గుండె డాక్టరమ్మ గది చిన్నది. బల్ల మీద ప్లాస్టిక్ గుండె బొమ్మ ఒకటి ఉంటుంది. దాని ముందు భాగం మూతలా ఊడి వస్తుంది, ఎవరు తలుపు గట్టిగా వేసినా కింద పడుతుంది. ఆవిడ దాన్ని తీసి మళ్ళీ పెడుతూనే మాటలు వింటుంది. మా ఆయన నిలబడే అంతా చెప్పాడు. ఛాతీ మీద కూర్చునేవాణ్ణి గురించి చెప్పాడు, వినపడని చప్పుళ్ళ గురించి చెప్పాడు. మాత్ర సంగతి నేను చెప్పాను. ఆవిడ తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో. తిట్టలేదు.

"ఆ మాత్ర సంగతి నేనే గట్టిగా అడగాల్సింది," అంది. తర్వాత మా ఆయనతో, "ఇప్పుడు కూర్చోండి. మీకు బాగా తెలిసిన మాటల్లోనే చెప్తాను. ఈ ఆపరేషన్‌లో కష్టమైన ఘడియ కొయ్యడం కాదు, కుట్టడం కాదు. కొత్త కాలేయాన్ని కలిపి, దానిలోకి రక్తం వదులుతాం చూడండి, అదీ. బిగించి ఉంచిన రక్తమంతా ఒక్కసారి గుండె మీదికి వస్తుంది. బీపీ పడిపోతుంది. అప్పుడు గుండె ఆ బరువు ఎత్తుకోవాలి. ఎత్తుకుంటుందా లేదా అని తెలుసుకోవడానికే ఈ పరీక్షలన్నీ. మిమ్మల్ని ఇంటికి పంపడానికి కాదు" అంది.

"ఎదురు మంచం ఆయన్ని పంపారుగా," అన్నాడు మా ఆయన.

"పంపాం," అంది ఆవిడ. "ఆయన గుండె కండరమే అలిసిపోయింది. బాగుచెయ్యడానికి నా చేతిలో ఏమీ లేకపోయింది. మీది వేరే కథ కావచ్చు. లోపలికి వెళ్ళి చూస్తే గానీ తెలీదు" అంది.

మర్నాడు పొద్దున మణికట్టు దగ్గర్నుంచి సన్నని గొట్టం పంపి, గుండె నాళాలు చూశారు. నేను బయట నేలకి బిగించిన కుర్చీలో కూర్చుని, గుండెకి ఏమీ ఉండకూడదని ఒకసారీ, ఏదో ఒకటి దొరికితే నా మాట నెగ్గుతుందని ఒకసారీ అనుకున్నాను. రెండోది అనుకున్నందుకు నన్ను నేనే ఛీ కొట్టుకున్నాను. పిట్టకి చెప్పొద్దని ఆయన లోపలికి వెళ్తూ వేళ్ళూపి మరీ హెచ్చరించాడు. తలుపు మూయగానే పిట్టకి ఫోన్ చేశాను.

మధ్యాహ్నానికి మళ్ళీ అదే గది. మణికట్టుకి పట్టీ కట్టుకుని ఆయనా, పక్కన నేనూ. పిట్ట ఈత కొలను నుంచి తిన్నగా వచ్చేసింది, జడ ఇంకా తడిగానే ఉంది. తలుపు కాస్త గట్టిగా వేసింది. ప్లాస్టిక్ గుండె మూత ఊడి కింద పడింది. తనే వంగి తీసి, ఎలా పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని కూర్చుంది.

"గుండె ముందు భాగానికి రక్తం అందించే పెద్ద నాళం ముప్పావు వంతు పూడిపోయింది," అంది డాక్టరమ్మ. "దాన్ని స్ప్రింగు లాంటి స్టెంటు పెట్టి తెరవొచ్చు. తెరిచాక అది మళ్ళీ మూసుకుపోకుండా, రక్తాన్ని పల్చన చేసే మందులు కొన్ని వారాలు తప్పవు. అవి వాడుతుండగా కాలేయం ఆపరేషన్ చెయ్యలేం, రక్తం ఆగదు. కాబట్టి సోమవారం లేదు."

"ఆ వారాలు ఆగుదాం," అన్నాను.

"ఆగొచ్చు. కానీ ఈయన రక్తం ఇప్పటికే గడ్డకట్టడం లేదు. ఉబ్బిన నరాలున్నాయి. ఆ మందులతో అవి పగిలి లోపల రక్తం కారితే ఆపడం కష్టం, ప్రాణానికే ప్రమాదం. పగలకపోయినా, కాలేయం ఈ లోపల చేతులెత్తేయొచ్చు." ఆవిడ గొంతు తగ్గించింది. "గుండె ఆగమంటోంది. కాలేయం ఆగలేనంటోంది. ఇదీ మన పరిస్థితి."

"స్టెంటు పెట్టకుండా సోమవారమే చేసేస్తే?" అన్నాడు మా ఆయన. "ముప్పు ఎంతుంటుంది? నూటికి ఎంత?"

"అంకె చెప్పమంటే చెప్తాను. ఆ అంకె నూరుమందికి. మీరు ఒక్కరే."

నేను ఇన్నేళ్ళుగా పిల్లలకి శాతాలు నేర్పిస్తున్నాను. ఆ మాట మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు.

అప్పటిదాకా పలకని పిట్ట అడిగింది. "ఒక్క సంగతి చెప్పండి డాక్టర్ గారూ. సోమవారమే చేసి, మధ్యలో మా నాన్న గుండె మొరాయించిందనుకోండి. అప్పటికి నా దగ్గర తీసేసి ఉంటారు కదా. దాన్నేం చేస్తారు? తిరిగి నాకు పెడతారా?"

"పెట్టలేం," అంది డాక్టరమ్మ.

పిట్ట తలూపింది, అర్థమైనట్టు. ఆ పిల్ల ముఖంలో భయం నాకు కనపడలేదు. మా ఆయన ముఖంలో కనపడింది. పెద్దాయన ఊపిన చెయ్యి గురించి చెప్పినప్పుడు కూడా అంత భయం లేదు. తను చచ్చిపోవడం గురించి అన్ని వైపుల నుంచీ ఆలోచించుకున్నాడు గానీ, కూతురి కోత వృథా అయిపోవడం గురించి ఆయన ఒక్కసారి కూడా ఆలోచించలేదని అప్పుడు తెలిసింది నాకు.

"సోమవారం వద్దు," అన్నాడు నెమ్మదిగా. "ఏ సోమవారమూ వద్దు."

"నాన్నా!"

"నాకేం వద్దు. బరువు ఆపలేని లిఫ్టుని నేను జనానికి ఎప్పుడూ తెరవలేదు. మీ అమ్మ నిన్న సరిగ్గానే అడిగింది. 'పనిచెయ్యదు' అని బోర్డు తగిలించెయ్యండి డాక్టరమ్మా. నేను ఇంటికెళ్తాను."

నిన్న మెట్ల మీద ఆయన్ని గెలిచానని మురిసిపోయాను. నేనన్న మాటనే పట్టుకుని ఇవాళ నా ఎదుటే చావడానికి ఒప్పేసుకుంటున్నాడు. "నేను అలా అన్లేదండీ, నేనన్నది అది కాదండీ" అని ఏదో అంటున్నాను, ఏడుస్తున్నానని కూడా తెలీకుండా.

పిట్ట ఏడవలేదు. చేతిలోని ప్లాస్టిక్ ముక్కని బల్ల మీద పెట్టి, కుర్చీ జరుపుకుని తండ్రికి ఎదురుగా కూర్చుంది.

"తెరవలేదు, సరే. బోర్డు తగిలించి ఇంటికొచ్చి పడుకునేవాడివా?" అని అడిగింది. "బ్రేకు జారిన ఆ తొమ్మిదంతస్తుల లిఫ్టుని ఏం చేశావు నాన్నా? ఆ కథలో ఆ ముక్క ఎప్పుడూ చెప్పవు."

ఆయన మణికట్టు పట్టీ సర్దుకున్నాడు.

"లిఫ్టు కింది గుంటలోకి దిగి బాగుచేశావు. రెండు రోజులు ఇంటికి రాలేదు, నాకు తెలుసు, నేను నీ కోసం గుమ్మంలోనే కూర్చునేదాన్ని. నువ్వు మెకానిక్‌వి. మూసేసి పోవడానికి కాపలావాడు చాలు." కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుంది. "నేను అడిగింది నువ్వు మానుకోవడానికి కాదు. ఏమవుతుందో తెలిసే ఇస్తున్నానని చెప్పడానికి. నువ్వు దాచేస్తే, నేను తెలియకుండా ఇచ్చినదాన్నయ్యేదాన్ని కదా! అదొక్కటే నాకు కోపం."

బయట వసారాలో టింగుమని గంట మోగింది. నిన్నటి నుంచీ నోరు మూసుకున్న లిఫ్టు లేచినట్టుంది. తలుపులు తెరుచుకున్న చప్పుడు, మూసుకున్న చప్పుడు, పైకి పోతున్న తాడు చప్పుడు, ఈసారి మా అందరికీ వినిపించాయి. నేను మా ఆయన వైపు చూశాను. బేరింగు గురించి ఏదో అంటాడనుకున్నాను. ఆయన అటు తలైనా తిప్పలేదు. కూతురి తడి జడ వైపే చూస్తున్నాడు.

"స్టెంటు పెడితే," అన్నాడు, "ఆ మందులు వేసుకుంటూ నేను అన్ని వారాలు ఆగగలనా డాక్టరమ్మా? నిజం చెప్పండి."

నేను చీర చెంగుతో ముఖం తుడుచుకున్నాను. ఆయన మళ్ళీ బతకడానికి సిద్ధపడ్డాడు, అది చాలనిపించింది ఆ క్షణానికి.

డాక్టరమ్మ ఊడిన మూతని గుండె బొమ్మకి మళ్ళీ బిగించి, బల్ల అంచుకి జరిపింది.

"చెప్తాను," అంది. "ముందు మీరు నిజం చెప్పండి. మాతో చెప్పనివి ఇంకా ఏమున్నాయి?"

చెప్పడానికి ఇంకేముంటుందని నేను నవ్వబోయాను. మా ఆయన నా వైపు చూడలేదు. పిట్ట చేతిని రెండు చేతులా పట్టుకుని, దాని వేళ్ళ వైపు చూస్తూ అన్నాడు.

"ఒకటుంది. మొన్న పొద్దున వాంతిలో రక్తం పడింది. నీళ్ళు పోసి కడిగేశాను."